కుక్కపిల్లకు ఇంకో సూది కావాలి

"టీకాలు వేయించిన్రా?"

"ఏయించినం సార్. మొన్ననే క్యాంపుల సూది ఏసిన్రు."

"ఏం సూది?"

"అదే సార్, పిచ్చి లేవకుంట ఏస్తరు గదా, గది."

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఈ మూడు పట్టణాల్లో ఎక్కడి పశువుల దవాఖానలోనైనా, జ్వరంతో మగ్గుతున్న కుక్కపిల్లను బల్ల మీద పడుకోబెట్టాక వినిపించే మాటలు ఇంచుమించు ఇవే. ఇంటివాళ్లు అబద్ధమాడటం లేదు. రేబిస్ టీకా నిజంగానే వేయించారు, చీటీ కూడా భద్రంగా దాచారు. కానీ కళ్లకు పుసులు కట్టి, ముక్కు కారుతూ, నాలుగు రోజులుగా ముద్ద ముట్టని ఆ పిల్లకు వచ్చింది రేబిస్ కాదు, డిస్టెంపర్. దానికి వేరే టీకా ఉంది. ఆ టీకా పడలేదు.

రేబిస్ సూది కుక్కనూ కాపాడుతుంది, మననూ కాపాడుతుంది. మనను కాపాడుతుంది కాబట్టే దాని పేరు ఊరూరా తెలిసింది. లూయీ పాశ్చర్ 1885 జులై 6న ఒక బాలుడికి తొలిసారి రేబిస్ టీకా ఇచ్చాడు. ఆ రోజు గుర్తుగా ఏటా జులై 6న పశువుల దవాఖానల్లో కుక్కలకు ఆ టీకా ఉచితంగా వేస్తారు. డిస్టెంపర్ అలా కాదు. మనుషులకు రాదు. బర్రెకు రాదు, గొర్రెకు రాదు. దానివల్ల ఇంట్లో నష్టపోయేది కుక్క ఒక్కటే. అందుకే దాని గురించి దండోరా వేసినవాళ్లు లేరు. కానీ మక్క చేను మీదికి కోతులు దిగకుండా, పసుపు కళ్లం దగ్గరికి రాత్రిపూట ఎవరూ రాకుండా, కొడుకు దుబాయిలో ఉంటే ముసలి తల్లిదండ్రుల గడప దగ్గర కావలి కాసేది ఆ కుక్కే. మన భయం తీర్చే సూది ఒక్కటి వేయించి ఊరుకోవడం న్యాయం కాదు. దాని ప్రాణం తీసే జబ్బుకూ సూది వేయించాలి.

జబ్బు నడిచే తీరు

డిస్టెంపర్ ఎక్కువగా గాలిలోనే అంటుకుంటుంది. జబ్బు కుక్క తుమ్మినా దగ్గినా వెలువడే తుంపరల్లో వైరస్ ఉంటుంది. చీమిడిలో, కంటి పుసిలో, ఉమ్మిలో, మూత్రంలో, పెంటలో కూడా ఉంటుంది. జబ్బు కుక్క మూతి పెట్టిన గిన్నెలో ఇంకో కుక్క మూతి పెట్టినా చాలు. లోపలికి చేరిన వైరస్ ముందు టాన్సిల్స్‌లో, లింఫ్ గ్రంథుల్లో మకాం వేస్తుంది. అంటే రోగాలతో పోరాడాల్సిన కణాలనే మొదట పడగొడుతుంది. డిస్టెంపర్ అంత దారుణంగా మారడానికి మూలం ఇక్కడే ఉంది. మామూలు రోజుల్లో కుక్క లెక్కచేయని సూక్ష్మక్రిములు కూడా ఆ సమయంలో న్యుమోనియా తెస్తాయి, పేగులను కుళ్లబెడతాయి.

వైరస్ సోకిన వారంలోపే మొదటి జ్వరం వస్తుంది. చాలా ఇళ్లలో ఇది ఎవరి కంటా పడదు. పిల్ల కొంచెం డీలాగా ఉంటుంది, ఒక పూట తినదు, తెల్లారేసరికి మళ్లీ తోక ఊపుతుంది. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి చేత్తో తాకి చూస్తే ఏమీ తేలదు. కొన్ని రోజుల తర్వాత రెండో జ్వరం వస్తుంది, ఈసారి వదలదు. కళ్లలో మొదట నీళ్లు, తర్వాత పచ్చటి చిక్కటి పుసి. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉంటాయి. ముక్కు చుట్టూ అట్టలు కడుతుంది. దగ్గు, వాంతులు, నీళ్ల విరేచనాలు. కొన్ని పిల్లలకు పొత్తికడుపు మీద చీము పొక్కులు లేస్తాయి. చాలామంది దీన్ని జలుబు అనుకుంటారు, లేదా ఏదో పడనిది తిన్నదనుకుంటారు. రక్త విరేచనాలయ్యే పార్వో జబ్బుతో పొరబడేవాళ్లూ ఉన్నారు. ఆ సమయంలో మెడికల్ షాపు నుంచి విరేచనాల గోలీ తెచ్చి మింగిస్తారు, విలువైన వారం అలా పోతుంది.

ఇంకో వారం, రెండు వారాలు గడుస్తాయి. కొన్ని కుక్కలు కోలుకున్నట్టే కనిపిస్తాయి. తింటాయి, వాకిట్లోకి వస్తాయి. వైరస్ మెదడుకు చేరిందా లేదా అన్నది ఈ దశలోనే తేలుతుంది. చేరితే మొదట కనిపించేది చిన్న అదురు. కణత దగ్గర, దవడ దగ్గర లేదా ఒక వెనక కాలిలో కండరం సాంచ (మరమగ్గం) కొట్టినట్టు ఒకే తాళంలో ఎగిరిపడుతుంది. కుక్క నిద్రపోయినా అది ఆగదు. పక్కన కూర్చుని చేయి వేస్తే అరచేతికి దెబ్బ దెబ్బ తెలుస్తుంది. కుక్క దాన్ని ఆపలేదు, ఏం జరుగుతోందో దానికి అర్థం కాదు, మన ముఖం వైపు చూస్తుంది. తర్వాత మూర్ఛలు మొదలవుతాయి. మొదట్లో ఏదో నములుతున్నట్టు దవడలు టకటకలాడతాయి, నురగ వస్తుంది, మెల్లగా ఒళ్లంతా కొట్టుకుంటుంది. కొన్ని కుక్కలు గుండ్రంగా తిరుగుతాయి. కొన్నిటికి వెనక కాళ్లు పడిపోతాయి.

ఇంకో గుర్తు ఉంది. అరికాళ్ల మెత్తలు, ముక్కు కొన గట్టిపడి పగుళ్లు బారతాయి. చప్పుడు లేకుండా నడిచే కుక్క షాబాద్ బండల మీద నడిస్తే గిట్టల చప్పుడు లాంటిది వస్తుంది. పాత తరం పశువైద్యులు ఈ జబ్బును ఆ గుర్తుతోనే పట్టేవారు.

డిస్టెంపర్ సోకిన కుక్కపిల్లల్లో 80 శాతం దాకా, పెద్ద కుక్కల్లో సగం దాకా చనిపోతాయని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. బతికి బయటపడ్డ పిల్లలకు తర్వాత వచ్చే పళ్ల మీద పింగాణీ పొర సరిగా ఏర్పడక గుంటలు పడి, గోధుమరంగు మరకలు ఉంటాయి. కొన్నిటికి ఆ అదురు జన్మంతా ఉండిపోతుంది. అదురుతోనే తిని, అదురుతోనే ఆడుకునే కుక్కలున్నాయి. నొప్పి లేకుండా తిరగగలిగితే అదురు ఒక్కటే కారణంగా వాటిని వదిలించుకోవాల్సిన పని లేదు.

గొర్రెల కాపరికి తెలిసిన కుటుంబం

ఈ జబ్బు పేరు కొత్తగా వినిపించినా దీని కుటుంబం మనకు కొత్త కాదు. మోర్బిల్లీ వైరస్‌లు అనే ఈ గుంపులోదే పిల్లలకు వచ్చే తట్టు. మన గొల్ల కురుమల మందల్ని పట్టి పీడించే పారుడు రోగం, అంటే పీపీఆర్, ఇందులోదే. ఒకప్పుడు ఊళ్లలో కొట్టాలకు కొట్టాలే ఖాళీ చేసిన ముసర రోగం, రిండర్‌పెస్ట్, కూడా ఇందులోదే. పారుడు సోకిన గొర్రెను చూసిన కాపరికి డిస్టెంపర్ సోకిన కుక్కను చూపిస్తే వివరించాల్సిన పని ఉండదు. అదే పుసి, అదే చీమిడి, అదే విరేచనం.

ఈ కుటుంబంలో ముసర రోగాన్ని మనిషి భూమ్మీద లేకుండా తుడిచేశాడు. మనదేశం ఆ జబ్బు నుంచి విముక్తమైనట్టు 2006లో గుర్తింపు వచ్చింది, 2011లో ప్రపంచమంతా విముక్తమైనట్టు ప్రకటన వెలువడింది. మశూచి తర్వాత ఇలా నిర్మూలనమైన జబ్బు ఇదొక్కటే. పారుడు రోగాన్ని 2030 నాటికి లేకుండా చేయాలన్నది అంతర్జాతీయ సంస్థల లక్ష్యం. సర్కారు మందలకు ఊరూరా టీకాలు వేయిస్తోంది. తట్టు టీకా ప్రతి పసిబిడ్డకూ అంగన్‌వాడీలోనో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో పడుతోంది. ఈ కుటుంబం వైరస్‌లకు మంచి టీకా తయారుచేయడం సాధ్యమేనని, దానితో జబ్బును అదుపు చేయవచ్చని ఇన్ని సాక్ష్యాలున్నాయి. కుక్క దగ్గరికి వచ్చేసరికి టీకా ఉంది, వేయించేవాళ్లే తక్కువ.

టీకా నిన్నా మొన్నా పుట్టింది కూడా కాదు. మశూచి టీకాతో పేరుపొందిన ఎడ్వర్డ్ జెన్నర్ 1809లోనే కుక్కల డిస్టెంపర్ లక్షణాలను వివరంగా రాశాడు. దీనికి కారణం వైరస్ అని 1905లో ఫ్రాన్స్‌కు చెందిన పశువైద్యుడు హెన్రీ కార్రే తేల్చాడు. 1920ల్లో ఇంగ్లండులో 'ది ఫీల్డ్' అనే పత్రిక, కుక్కల్ని ప్రేమించే తన పాఠకుల దగ్గర చందాలు వసూలు చేసి పరిశోధనకు డబ్బు సమకూర్చింది. ఆ డబ్బుతో లండన్ శివార్లలోని మిల్ హిల్‌లో పాట్రిక్ లెయిడ్‌లా, జి.డబ్ల్యు. డంకిన్ పనిచేశారు. ముంగిసను పోలిన ఫెరెట్ అనే చిన్న జంతువుకు డిస్టెంపర్ తేలిగ్గా సోకుతుందని గమనించి, వాటి సాయంతో టీకా తయారుచేశారు. ఆ ఫెరెట్లు అక్కడ ఉండబట్టే 1933లో లెయిడ్‌లా సహచరులతో కలిసి మనుషుల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను కూడా పట్టుకోగలిగాడు. కుక్కల కోసం ఇచ్చిన చందా మనుషుల ఫ్లూ పరిశోధనకు దారి వేసింది. కుక్కల జబ్బు మీద ఖర్చు దండగ అనేవాళ్లకు చెప్పదగ్గ చరిత్ర ఇది.

"పిచ్చి లేసింది" అన్న కేక

డిస్టెంపర్ మెదడుకు ఎక్కిన కుక్క సొంగ కారుస్తుంది. దవడ కొట్టుకుంటుంది. పిలిచినా గుర్తుపట్టదు, గోడకు తల ఆనించి నిలబడుతుంది, తూలుతూ వీధిలో పడి నడుస్తుంది. ఎవరో ఒకరు "కుక్కకు పిచ్చి లేసింది" అంటారు. ఆ తర్వాత కట్టెలు లేస్తాయి. ఆ కుక్కకు నిజంగా రేబిస్ ఉందా, డిస్టెంపరా అని ఎవరూ అడగరు.

భయం తప్పు కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కయినా బతకడం దాదాపు అసాధ్యం. రెండు జబ్బుల్నీ కంటిచూపుతో వేరు చేయడం పశువైద్యుడికే కష్టం, దారిన పోయేవాళ్లకు అసలే సాధ్యం కాదు. కాబట్టి ఇలాంటి కుక్క ఏది కనిపించినా రేబిస్ అనుకునే జాగ్రత్త పడాలి. జాగ్రత్త అంటే కొట్టి చంపడం కాదు. దగ్గరికి పోకుండా, పిల్లల్ని పోనీయకుండా, వీలైతే తలుపున్న కొట్టంలోకి మళ్లించి మూసి, పశువైద్యుడికి, మున్సిపాలిటీకి లేదా గ్రామపంచాయతీకి కబురు పెట్టాలి. రేబిస్ కుక్క లక్షణాలు కనబడ్డ పది రోజుల్లోపు చనిపోతుంది. అంతకు మించి బతికి ఉంటే అనుమానం వేరే వైపు తిరుగుతుంది. వారం పది రోజుల ముందు ఆ కుక్కకు కళ్ల పుసులు, దగ్గు, విరేచనాలు ఉన్నాయని ఎవరైనా చెప్పగలిగితే డాక్టరుకు అది పెద్ద ఆధారం.

కట్టెలతో తల పగలగొట్టిన చోట ఇంకో నష్టం జరుగుతుంది. రేబిస్ అవునో కాదో ఖాయంగా తేలేది చనిపోయిన కుక్క మెదడును ప్రయోగశాలలో పరీక్షించినప్పుడే. ఆ తలే నలిగిపోతే, ఆ కుక్క ఎవరినైనా కరిచి ఉంటే, వాళ్లకు కావాల్సిన జవాబు మట్టిలో కలిసిపోతుంది. పైగా జంతువును చంపడం, అవిటిదాన్ని చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం.

కరిచినా, పుండు మీద నాకినా చేయాల్సింది ఒక్కటే. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానకు వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. సున్నం, పసరు, మంత్రం ఏదీ పనికిరాదు. "అది డిస్టెంపర్ కుక్కేమో" అని ఆగడం అంతకన్నా ప్రమాదం.

చిత్తకార్తె తర్వాత

వీధికుక్కలు జతకట్టే కాలం ఏదో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు, చిత్తకార్తె. అంటే అక్టోబరు నడుమ. కుక్క సుమారు 63 రోజులు మోస్తుంది. డిసెంబరు నడుమ నుంచి మోరీల పక్కన, కూలిన గోడల చాటున, సాంచల షెడ్ల వెనక పిల్లలు పుడతాయి. సంక్రాంతికి కళ్లు తెరిచి దోగాడుతుంటాయి. జనవరి చివరికొచ్చేసరికి వాడలోని పిల్లలు ఒక్కోదాన్ని ఎత్తుకొని ఇంటికి తెచ్చుకుంటారు.

ఆ లెక్కలో ఓ ప్రమాదం దాగి ఉంది. తల్లికి టీకా పడి ఉంటేనో, ఇంతకుముందు జబ్బు తగిలి కోలుకొని ఉంటేనో ముర్రుపాల ద్వారా పిల్లకు కొంత రక్షణ వస్తుంది. అది ఆరు వారాల నుంచి తరగడం మొదలై మూడు నాలుగు నెలల వయసుకు దాదాపు పోతుంది. అంటే జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఒకే వయసు పిల్లలు, ఒకేసారి, ఏ అండా లేకుండా వీధుల్లో ఉంటాయి. డిస్టెంపర్ వైరస్ ఎండను, వేడిని, ఆరిపోవడాన్ని తట్టుకోలేదు. మన వేసవిలో బయట కొన్ని గంటల్లో చస్తుంది. చలిలో మాత్రం ఎక్కువసేపు నిలుస్తుంది. చలికాలమూ, పిల్లల కాలమూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

జాతి కుక్కల కథ ఇంకోలా ఉంటుంది. గల్ఫ్ నుంచి డబ్బు వచ్చే ఇళ్లు కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పల్లెల్లో ఎన్నో. ఇంటికో ల్యాబ్రడారో పొమెరేనియనో తెచ్చుకోవాలన్న ముచ్చట ఉంటుంది. నెల, నెలన్నర వయసు పిల్లను హైదరాబాద్‌లో కొని, అట్టపెట్టెలో పెట్టి, బస్సులోనో కారులోనో నాలుగైదు గంటలు తెస్తారు. తల్లిని వదిలిన బెంగ, దారి బడలిక, కొత్త తిండి, పొట్టలో నులిపురుగులు. అమ్మినవాడు "సూదులన్నీ అయిపోయినయ్" అంటాడు. నెలన్నర పిల్లకు సూదులన్నీ అయిపోయే అవకాశమే లేదు. టీకా సీసా మీది లేబుల్ అంటించి, తేదీ వేసి, డాక్టరు సంతకం ఉన్న కార్డు చూపించమని అడగాలి. కార్డు లేకపోతే ఒక్క సూదీ పడలేదనే లెక్క.

టీకా లెక్క కష్టమైంది కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి డోసు. అక్కడి నుంచి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పిల్లకు 16 వారాలు నిండేదాకా. దుకాణాల్లో సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అని పిలిచే సూదిలో డిస్టెంపర్‌తో పాటు పార్వో, హెపటైటిస్, లెప్టో లాంటి వాటికీ రక్షణ ఉంటుంది. రేబిస్ వీటిలో చాలావాటిలో ఉండదు, మూడు నెలలకు విడిగా వేయాలి. ఇన్నిసార్లు ఎందుకని అడిగేవాళ్లుంటారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం అది టీకాను కూడా పనిచేయనీయదు. ఏ పిల్లలో అది ఎప్పుడు తరుగుతుందో బయటికి తెలియదు. అందుకే 16 వారాల దగ్గర పడే చివరి డోసే అన్నిటికన్నా ముఖ్యం. మనవాళ్లు మొదటిది వేయించి, రెండోది వేయించి, ఆ చివరిదాన్నే వదిలేస్తారు. తర్వాత ఏడాదికి ఒక బూస్టరు, ఆపైన డాక్టరు చెప్పినట్టు.

ఇంకో చిక్కు చల్లదనం. ఇది బలహీనపరిచిన వైరస్‌తో చేసిన జీవటీకా. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పొడి, ద్రవం కలిపాక ఎక్కువసేపు ఉంచకుండా వాడాలి. ఏప్రిల్ ఎండలో కవరులో వేసుకొని బండి మీద ఊరికి తెచ్చి, ఎవరో తెలిసినవాళ్లతో పొడిపించుకుంటే పడింది సూదే తప్ప టీకా కాదు. జ్వరంతో ఉన్న పిల్లకు వేసినా ఫలితం అనుమానమే. పది రోజుల ముందు నులిపురుగుల మందు, డాక్టరు ఒళ్లు తాకి చూడటం, ఆ తర్వాతే టీకా. చివరి డోసు పడి రెండు వారాలయ్యేదాకా పిల్లను వీధిలోకి వదలకుండా, ముక్కూ మొహం తెలియని కుక్కలతో కలవనీయకుండా ఉంచాలి.

జబ్బు వచ్చేసిన ఇంట్లో

డిస్టెంపర్ వైరస్‌ను చంపే మందు లేదు. వైద్యమంతా ఊతమే. ఒంట్లో నీళ్లు తగ్గకుండా సెలైన్, న్యుమోనియా ముదరకుండా యాంటీబయాటిక్, వాంతులకు, మూర్ఛలకు మందులు, విటమిన్లు. ఇది విని చాలామంది "మందే లేనప్పుడు దవాఖాన ఎందుకు" అనుకుంటారు. మందు లేదు కానీ వైద్యం ఉంది. మొదటి వారంలోనే తీసుకెళ్తే వైరస్‌తో కుక్క ఒళ్లు చేసే పోరాటానికి సమయం దొరుకుతుంది. కంటి పుసి తీసి నిమిషాల్లో చెప్పే కిట్ పరీక్ష ఉంది, ఖాయం చేసుకోవడానికి పీసీఆర్ ఉంది.

ఈ ప్రాంతానికి ఒక అదృష్టం కోరుట్ల. పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల అక్కడ ఉంది. దానికి అనుబంధంగా వైద్యశాల ఉంటుంది. జగిత్యాల నుంచి 63వ నంబరు జాతీయ రహదారి మీద నేరుగా వెళ్లొచ్చు. మండల దవాఖానలో డాక్టరు చూసి అనుమానపడితే అక్కడికి పొమ్మని చెబుతారు. వెళ్లేముందు ఫోను చేసి "డిస్టెంపర్ అనుమానం" అని చెప్పడం మంచిది. బయట వరుసలో కూర్చున్న ఇతర పిల్లలకు అంటకుండా విడిగా చూస్తారు.

ఇంట్లో చేయాల్సిన సేవ చాలా ఉంది. రోజుకు మూడు నాలుగుసార్లు కాచి చల్లార్చిన నీళ్లలో దూది తడిపి కళ్ల పుసి, ముక్కు అట్టలు తీయాలి. ముక్కు మూసుకుంటే వాసన తెలియదు, వాసన తెలియకపోతే కుక్క తినదు. గంజి, ఉడికించిన కోడిగుడ్డు, ఉప్పూకారం లేని చికెన్ నీళ్లు కొంచెం గోరువెచ్చగా చేసి పెడితే వాసన లేస్తుంది. తినకపోతే నోరు తెరిచి పోయవద్దు. దగ్గుతున్న కుక్కకు బలవంతంగా పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన జ్వరం గోలీలు, పారాసిటమాల్ గానీ ఐబుప్రొఫెన్ గానీ, సొంతంగా ఇవ్వకూడదు. కుక్కకు అవి విషం కాగలవు.

మూర్ఛ వస్తే పక్కనున్న పొయ్యి, మెట్లు, బల్లలు దూరం చేసి, దీపం తగ్గించి, గడియారం చూడాలి. నోట్లో చేయి పెట్టకూడదు, చెంచా పెట్టకూడదు, ఉల్లిపాయ వాసన చూపించాల్సిన పనిలేదు. అయిదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గకముందే ఇంకోటి వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్లాలి. వీలైతే ఫోనులో వీడియో తీయండి. డాక్టరుకు మన వర్ణన కన్నా అది ఎక్కువ చెబుతుంది.

ఆ కుక్కను మిగతావాటి నుంచి విడదీయాలి. కోలుకున్నా కొన్ని వారాలు, కొన్నిసార్లు మూడు నాలుగు నెలల దాకా వైరస్‌ను బయటికి వదులుతూనే ఉంటుంది. దాన్ని తాకాక చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకుని ఇంకో కుక్క దగ్గరికి వెళ్లాలి. ఈ వైరస్‌కు సబ్బంటే, బ్లీచ్ అంటే పడదు. ఒక పాలు ద్రవ బ్లీచ్‌కు 30 పాళ్ల నీళ్లు కలిపి నేల, గిన్నెలు కడిగి ఎండలో ఆరబెడితే పోతుంది. పరుపులు, గోనెసంచులు ఎండలో వేయాలి.

కొన్ని కుక్కలు ఇన్ని చేసినా బతకవు. మూర్ఛలు ఆగకుండా, లేవలేక, తినలేక బాధపడుతున్నప్పుడు నొప్పి లేకుండా పంపించేయమని డాక్టరు సూచించవచ్చు. ఆ మాట విన్న ఇంట్లో ఏడుస్తారు, ఏడవడంలో తప్పేమీ లేదు. అన్నం పెట్టిన చేతులకు ఆ నిర్ణయం ఎంత బరువో తెలిసిన డాక్టరు తొందరపెట్టడు. ఆ తర్వాత కొత్త పిల్లను తేవాలనుకుంటే ఇల్లు కడిగి, కొన్ని వారాలు ఆగి, టీకాలు పూర్తయిన పిల్లనే తేవాలి.

గోదావరి అవతల

ఈ జబ్బు కుక్కతో ఆగదని గిర్ అడవులు చూపించాయి. 2018 సెప్టెంబరు, అక్టోబరుల్లో గుజరాత్‌లోని గిర్‌లో దల్‌ఖానియా రేంజిలో 23 సింహాలు వరసగా చనిపోయాయి. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో డిస్టెంపర్ వైరస్ బయటపడింది. అమెరికా నుంచి టీకాలు తెప్పించి కొన్ని సింహాలకు వేశారు. ప్రపంచంలో ఆసియా సింహాలు అడవిలో మిగిలి ఉన్నది గుజరాత్‌లోనే. అంతకుముందు 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో వెయ్యి దాకా సింహాలు, అంటే అక్కడి సింహాల్లో మూడో వంతు, ఇదే వైరస్‌కు బలయ్యాయి. చుట్టుపక్కల పల్లెల కుక్కల నుంచే అది అడవికి చేరిందని శాస్త్రవేత్తలు భావించారు.

మనకు గిర్ దూరం. కానీ ధర్మపురి దగ్గర రాయపట్నం వంతెన దాటితే మంచిర్యాల జిల్లా, ఆ పైన జన్నారం అడవులు, 2012లో ప్రకటించిన కవ్వాల్ పులుల అభయారణ్యం. మేకల మందలతో కుక్కలు అడవి అంచు దాకా వెళ్తాయి. అడవిలోని నక్కలు, రేచుకుక్కలు, చిరుతలు, పులులు అన్నిటికీ ఈ వైరస్ సోకగలదు. అడవి జంతువులన్నిటికీ సూది వేయడం సాధ్యమయ్యే పని కాదు. పల్లెలో మందవెంట తిరిగే కుక్కకు వేయడం సాధ్యం. పారుడు టీకా కోసం మందను ఒకచోట ఆపిన రోజే ఆ మంద కుక్కలకూ డిస్టెంపర్ సూది వేస్తే పశుసంవర్ధక శాఖకు అదనపు ప్రయాణం ఉండదు. కాపరులు కూడా వద్దనరు. మందను తోడేలు నుంచి కాసేది ఆ కుక్కే.

ఇక వీధికుక్కలు. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనలు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలమంటున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా, రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి మినహా మిగతావాటికి ఆపరేషన్ చేసి, నులిపురుగుల మందు, టీకా ఇచ్చి తిరిగి వదలమంది. మున్సిపాలిటీ కుక్కను పట్టేందుకు బండి పంపుతుంది, మనుషుల్ని పెడుతుంది, ఆపరేషన్ చేయిస్తుంది, కొన్ని రోజులు ఉంచి తిండి పెడుతుంది. ఖర్చులో పెద్ద భాగం అక్కడే అయిపోతుంది. ఒకే కేంద్రంలో రకరకాల వాడల కుక్కలు పక్కపక్క జాలీల్లో ఉంటాయి కాబట్టి డిస్టెంపర్ ఒకదాని నుంచి ఇంకోదానికి పాకే చోటు కూడా అదే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మున్సిపాలిటీలు టెండరు పిలిచేటప్పుడు రేబిస్ టీకా పక్కన డిస్టెంపర్, పార్వో ఉన్న మిశ్రమ టీకాను కూడా చేరిస్తే చాలు. 16 వారాలు దాటిన కుక్కకు డిస్టెంపర్ జీవటీకా ఒక్క డోసుతోనే మామూలుగా రక్షణ వస్తుంది. జాలీలోకి ఎక్కించిన రోజే అది వేస్తే రెండోసారి పట్టుకునే పని ఉండదు.